మౌస్ కదలిక ఎక్కడ ఆగిపోయింది? లైనక్స్‌లో యూఎస్‌బీ మౌస్ లోపాలు వెతకడం – ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో లైనక్స్ మెషీన్లు చూసుకునేవాళ్లు ఎక్కువమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. యూఎస్‌బీ మౌస్ పెట్టాం, తెర మీద బాణం కదలడం లేదు. అప్పుడు అందరూ చేసే మొదటి పని రీబూట్. దానికీ లొంగకపోతే ఓఎస్ మళ్లీ ఎక్కించడం. ఆ రెండిటికీ ముందు ఒక్క పది నిమిషాలు ఆగి చూడమని అడగడానికే వచ్చాను. రీబూట్ చేస్తే మౌస్ ఒక్కోసారి నిజంగానే పనిచేస్తుంది. కానీ ఎందుకు ఆగిందో చెప్పే స్థితి అప్పటికి చెదిరిపోతుంది. వారం తిరక్కుండా అదే మెషీన్, అదే ఫిర్యాదు.

చివరి పొలానికి నీళ్లు రాకపోతే ఇంజన్ మార్చం. కాలువ వెంట నడుస్తూ ఏ తూము దగ్గర నీళ్లు ఆగాయో చూస్తాం. ఇక్కడ చేయాల్సిందీ అదే. చేతి కదలిక తెర మీదికి రావాలంటే ఐదు అంచెలు దాటాలి. ఒకటి, తీగలు, కరెంటు. రెండు, కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ మూలభాగం, అందులోని యూఎస్‌బీ విభాగం ఆ పరికరాన్ని పలకరించి, నంబరు ఇచ్చి, వివరాలు రాబట్టడం. మూడు, యూఎస్‌బీహెచ్‌ఐడీ అనే డ్రైవర్ దాన్ని అందుకోవడం. నాలుగు, /డెవ్/ఇన్‌పుట్ కింద ఒక ఈవెంట్ ఫైలు పుట్టి, దాంట్లోకి కదలికలు రావడం. ఐదు, లిబ్‌ఇన్‌పుట్ అనే లైబ్రరీ ఆ ఫైలు చదివి డెస్క్‌టాప్‌కి అందించడం. ప్రతి అంచె దగ్గరా తొంగిచూడటానికి ఒక కమాండ్ ఉంది. ఎంతవరకు వచ్చిందో తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

మౌస్ లేకుండా టెర్మినల్ తెరవడం ముందు తెలియాలి. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అదీ రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి, టెక్స్ట్ కన్సోల్ వస్తుంది. వెనక్కి రావడానికి కంట్రోల్, ఆల్ట్‌తోనే ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ. పక్క మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్ చేయగలిగితే, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ కాగలిగితే, ఇంకా మంచిది. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కమాండ్. సుడో డీమెసేజ్ మైనస్ డబ్ల్యూ. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం. డీమెసేజ్ అక్షరాలు చెప్తాను: డి, ఎం, ఇ, ఎస్, జి. మైనస్ డబ్ల్యూ అంటే కెర్నెల్ కొత్తగా ఏది చెప్పినా అప్పటికప్పుడు చూపిస్తూ ఉంటుంది. ఇది నడుస్తుండగా మౌస్ ఊడదీయండి. ఐదు సెకన్లు ఆగండి. మళ్లీ పెట్టండి. అంతా బాగుంటే నాలుగు సంగతులు వరసగా కనిపిస్తాయి. కొత్త లో-స్పీడ్ పరికరం దొరికింది, దాని నంబరు 5, ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ కంట్రోలర్ ద్వారా వచ్చింది అని. తర్వాత వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ, అంటే తయారీదారు నంబరు, మోడల్ నంబరు. ఉదాహరణకి లాజిటెక్ మౌస్ ఒకదానికి 046డి, సి077. తర్వాత ఇన్‌పుట్ అని మొదలయ్యే వరస. చివర హిడ్-జెనెరిక్ వరస. ఈ నాలుగింటిలో ఏది దాకా వచ్చి ఆగిందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

అసలేమీ రాలేదనుకోండి. ఒక్క వరస కూడా లేదు. దీని అర్థం సరిగ్గా పట్టుకోవాలి. యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డి-ప్లస్, తెలుపు డి-మైనస్. మామూలు మౌస్ లో-స్పీడ్ పరికరం, సెకనుకి 1.5 మెగాబిట్లు. అది లోపల ఒక 1.5 కిలో ఓమ్ రెసిస్టర్‌తో డి-మైనస్ తీగని పైకి లాగి పట్టుకుంటుంది. ఆ తీగ మీద వోల్టేజీ లేవడం చూసే కంప్యూటర్ ఏదో పెట్టారని గ్రహిస్తుంది. ఫుల్-స్పీడ్ పరికరమైతే డి-ప్లస్‌ని లాగుతుంది. కాబట్టి కెర్నెల్ నోరు మెదపలేదంటే ఆ వోల్టేజీ దాకా కూడా వ్యవహారం రాలేదు. అక్కడ డ్రైవర్ల గురించి వెతకడం వృథా శ్రమ.

మౌస్ కింద ఎర్ర లైటు వెలుగుతోంది కదా, మౌస్ బాగానే ఉందని చాలామంది అంటారు. ఆ లైటు చెప్పేది ఎరుపు, నలుపు తీగలు బాగున్నాయని మాత్రమే. తెల్ల తీగ తెగినా లైటు వెలుగుతుంది. తీగ తెగేది ఎక్కువగా రెండు చోట్ల: కేబుల్ మౌస్‌లోకి దూరే మెడ దగ్గర, ప్లగ్గు వెనకాల. డీమెసేజ్ నడుస్తుండగా ఆ రెండు చోట్లా కేబుల్‌ని మెల్లగా వంచి చూడండి. వంచినప్పుడల్లా వరసలు పుట్టుకొస్తే విషయం తేలిపోయింది.

మౌస్‌దా పోర్టుదా తప్పు అని తేల్చడానికి రెండు పరీక్షలు కలిపి చేయాలి. అదే మౌస్ వేరే పోర్టులో, అదే పోర్టులో వేరే పరికరం. ఒక్కటే చేసి తీర్పు చెప్పకండి. డెస్క్‌టాప్ క్యాబినెట్ అయితే వెనకవైపు, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. ముందువైపు పోర్టులు ఒక చిన్న వైరుతో బోర్డుకి తగులుకొని ఉంటాయి. ల్యాబుల్లో ఆ వైరు వదులవడం మామూలే. ఇంకో మాట: ఛార్జింగ్ కోసమే చేసిన ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు, టైప్-సీ అడాప్టర్లు బజార్లో ఉన్నాయి. వాటిలో డేటా తీగలే ఉండవు. లైటు మాత్రం వెలుగుతుంది.

ఒకేసారి చాలా పోర్టులు చచ్చిపోతే డీమెసేజ్‌లో కాస్త పైకి వెళ్లి చూడండి. ఎక్స్‌హెచ్‌సీఐ హోస్ట్ కంట్రోలర్ స్పందించడం లేదు, చనిపోయిందనుకుంటున్నాను అనే అర్థంలో ఒక వరస ఉంటుంది, దాని వెంటే హెచ్‌సీ డైడ్ అని ఇంకొకటి. అంటే మౌస్ కాదు, కంట్రోలరే పడిపోయింది. ఎల్ఎస్‌పీసీఐ మైనస్ పెద్దబడి డీ ఇస్తే ఆ కంట్రోలర్ చిరునామా తెలుస్తుంది. ఇంటెల్ బోర్డుల్లో తరచుగా 0000:00:14.0 ఉంటుంది. ఆ చిరునామాని /సిస్/బస్/పీసీఐ/డ్రైవర్స్/ఎక్స్‌హెచ్‌సీఐ_హెచ్‌సీడీ కింద ఉన్న అన్‌బైండ్ ఫైల్లో రాసి, తర్వాత బైండ్ ఫైల్లో రాస్తే రీబూట్ లేకుండానే కంట్రోలర్ లేస్తుంది. కొన్ని మెషీన్లలో ఆ డ్రైవర్ ఫోల్డర్ పేరు వేరుగా ఉండొచ్చు, ఎల్ఎస్‌పీసీఐకి మైనస్ కే కూడా జోడిస్తే సరైన పేరు కనిపిస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, అన్‌బైండ్ చేసిన క్షణం యూఎస్‌బీ కీబోర్డు కూడా పోతుంది. అందుకే రెండు కమాండ్లూ ఒకే వరసలో ఇవ్వాలి, లేదా ఎస్ఎస్‌హెచ్ నుంచి చేయాలి. రెండోది, సుడో ఎకో రాసి, ఫైల్లోకి పంపే బాణం గుర్తు పెడితే అనుమతి లేదంటుంది. ఫైలు తెరిచేది సుడో కాదు, మీ కమాండ్లు అందుకునే షెల్. ఎకో పెట్టి, పైపు పెట్టి, సుడో టీ కి పంపండి. టీ అంటే టి, ఇ, ఇ.

తర్వాతి రకం. వరసలు వస్తున్నాయి కానీ ఎర్రర్లు. డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ మైనస్ 71. లేదా మైనస్ 110. మైనస్ 71 అంటే జవాబు చెడిపోయి వచ్చింది, యూఎస్‌బీ నియమాలకి తగినట్టు లేదు. మైనస్ 110 అంటే గడువులోగా జవాబే రాలేదు. మైనస్ 32 వస్తే పరికరం విని, ఆ అడిగినది కుదరదని తిప్పికొట్టింది. కెర్నెల్ కొన్నిసార్లు ప్రయత్నించి, చివరికి పరికరాన్ని ఎన్యూమరేట్ చేయలేకపోతున్నానని, అంటే గుర్తించలేకపోతున్నానని చెప్పి వదిలేస్తుంది. 71, 110 కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది వస్తువుని, సాఫ్ట్‌వేర్‌ని కాదు.

లో-స్పీడ్ కేబుల్ 3 మీటర్లు మించకూడదు. ప్రొజెక్టర్ దగ్గరికి, పోడియం దగ్గరికి ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తగిలించి 5 మీటర్లు లాగితే 71 వస్తుంది. అంత దూరం కావాలంటే మధ్యలో హబ్ పెట్టాలి. ఆ హబ్‌తో ఇంకో చిక్కు. విడిగా అడాప్టర్ లేని హబ్ కంప్యూటర్ నుంచి 500 మిల్లీ ఆంపియర్లు తీసుకుని, ఒక్కో పోర్టుకి 100 మాత్రమే ఇవ్వాలి. మామూలు మౌస్ తనకి 100 దాకా కావాలని చెప్పుకుంటుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ మైనస్ వీ లో మ్యాక్స్‌పవర్ దగ్గర ఆ అంకె చూడొచ్చు. అదే హబ్‌కి ఫోను ఛార్జింగ్ పెట్టి, పెన్‌డ్రైవ్ కూడా గుచ్చితే వోల్టేజీ దిగిపోతుంది. మౌస్ వచ్చీ పోతూ ఉంటుంది. ఓవర్-కరెంట్ అనే మాట డీమెసేజ్‌లో కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు. సముద్రం దగ్గరి ఊళ్లలో, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల, పోర్టులోని పలకలకి చిలుము పడుతుంది. మెషీన్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇప్పుడు బాగా విసిగించే రకం. మౌస్ పనిచేస్తుంది, మధ్యలో పోతుంది, మళ్లీ వస్తుంది. డీమెసేజ్‌లో డిస్‌కనెక్ట్ అని, కొత్త నంబరుతో మళ్లీ కనెక్ట్ అని. 5 పోయి 6, 6 పోయి 7. ఇక్కడ చూడాల్సింది నంబరు కాదు, వరస మొదట్లో ఉన్న సమయం. చేయి కదిలినప్పుడల్లా, ఒక లెక్కా పత్రం లేకుండా పోతుంటే కేబుల్. అలా కాకుండా దాదాపు నిమిషానికోసారి, గడియారం పెట్టినట్టు పోతుంటే, అదీ డెస్క్‌టాప్ లేని సర్వర్ మీద, టెక్స్ట్ కన్సోల్లో ఉన్నప్పుడే అయితే, కేబుల్ మార్చకండి. దాని కారణం వేరు.

యూఎస్‌బీలో పరికరం తనంతట తాను మాట్లాడదు. కంప్యూటర్ అడగాలి, అది చెప్పాలి. మౌస్ ఈవెంట్ ఫైలుని ఎవరూ తెరవకపోతే కెర్నెల్ ఆ అడగడం మానేస్తుంది. ఎవరికీ అక్కర్లేని సమాచారం ఎందుకని. కొన్ని మౌస్‌లు, ముఖ్యంగా పిక్స్‌ఆర్ట్ చిప్పు ఉన్నవి కొన్ని, ఎవరూ అడగడం లేదని చూసి తమని తామే రీసెట్ చేసుకుంటాయి. డెస్క్‌టాప్ నడుస్తుంటే లిబ్‌ఇన్‌పుట్ ఫైలు తెరిచే ఉంచుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ కనిపించదు. కెర్నెల్‌లో దీనికి ఆల్వేస్-పోల్ అనే మినహాయింపు ఉంది. తెలిసిన మోడళ్ల జాబితా హిడ్-క్విర్క్స్ ఫైల్లో ఇప్పటికే ఉంది. మీ మోడల్ అందులో లేకపోతే మీరే చెప్పొచ్చు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో కెర్నెల్ కమాండ్ లైన్‌కి యూఎస్‌బీహెచ్‌ఐడీ చుక్క క్విర్క్స్ ఈక్వల్ టు అని రాసి, 0ఎక్స్ తో వెండర్, కోలన్, 0ఎక్స్ తో ప్రోడక్ట్, కోలన్, 0ఎక్స్0400. ఆ 0400 అనేదే ఆల్వేస్-పోల్. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-గ్రబ్ ఇచ్చి రీబూట్ చేయండి. ఫెడోరాలో గ్రబ్బీ వాడాలి. తర్వాత /ప్రోక్/సీఎండీలైన్ చదివి మీరు రాసింది నిజంగా ఎక్కిందో లేదో చూసుకోండి. ఈ చివరి చూపు మానేసి, మార్పు పనిచేయలేదని అనుకునేవాళ్లు ఎక్కువ.

మూడో అంచెకి వద్దాం. వెండర్, ప్రోడక్ట్ వచ్చాయి, ఇన్‌పుట్ అనే వరస మాత్రం రాలేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ ఇవ్వండి. చెట్టులా వచ్చే ఆ జాబితాలో మీ మౌస్ ఎదురుగా డ్రైవర్ ఈక్వల్ టు యూఎస్‌బీహెచ్‌ఐడీ, చివర 1.5ఎం అని ఉండాలి. డ్రైవర్ దగ్గర ఖాళీగా ఉంటే కారణాలు రెండు మూడే. ఆర్చ్ లైనక్స్ వాడేవాళ్లకి బాగా తెలిసినది: కెర్నెల్ అప్‌డేట్ చేశారు, రీబూట్ చేయలేదు. కొత్త ప్యాకేజీ పాత మాడ్యూళ్లని, అంటే డ్రైవర్ ఫైళ్లని, తీసేసింది, నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే. అప్పటికి యూఎస్‌బీహెచ్‌ఐడీ లోడై లేకపోతే ఇక దొరకదు. యూనేమ్ మైనస్ ఆర్ చూపే సంఖ్య, /లిబ్/మాడ్యూల్స్‌లో ఉన్న ఫోల్డర్ పేరు పోల్చండి. తేడా ఉంటే ఇక్కడ మాత్రం రీబూటే సరైన మందు.

రెండో కారణం భద్రత. ఆఫీసు మెషీన్లలో అనుమతి లేని యూఎస్‌బీ పరికరాలని ఆపే యూఎస్‌బీగార్డ్ పెడతారు. డివైస్ ఈజ్ నాట్ ఆథరైజ్డ్ ఫర్ యూసేజ్ అని డీమెసేజ్ స్పష్టంగా చెప్తుంది. యూఎస్‌బీగార్డ్ లిస్ట్-డివైసెస్ తో నంబరు చూసి, అలౌ-డివైస్ ఇవ్వండి. శాశ్వతంగా కావాలంటే మైనస్ పీ జోడించండి. ఆ మెషీన్ మీది కాకపోతే ముందు అడ్మిన్‌ని అడగాలి. ఆ తాళం ఎవరో ఆలోచించే వేశారు. సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకునేవాళ్లు యూఎస్‌బీ హిడ్, హిడ్ జెనెరిక్, ఇన్‌పుట్ ఈవీడెవ్ అనే మూడూ పెట్టారో లేదో చూసుకోండి.

నాలుగో అంచె. ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి సుడోతో నడపండి. జాబితాలో మౌస్ ఎంచుకుని కదిలించండి. ఆర్ఈఎల్_ఎక్స్, ఆర్ఈఎల్_వై అని అంకెలు పారాలి. నొక్కితే బీటీఎన్_లెఫ్ట్ 1, వదిలితే 0. ఇవి వస్తే తీగ, పోర్టు, కెర్నెల్, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే, లోపం పైన డెస్క్‌టాప్‌లో ఉంది. నా దృష్టిలో ఈ ఒక్క పరీక్షకి ఉన్నంత విలువ ఇంకే కమాండ్‌కీ లేదు. సమస్యని సరిగ్గా మధ్యకి కోస్తుంది.

ఈవీటెస్ట్‌లో మొదట ఏమీ రాక, ఒకసారి నొక్కాక వస్తే అది ఆటోసస్పెండ్, అంటే వాడని పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు. లక్షణాలు చెప్తాను. చేయి తీసిన రెండు సెకన్లకి లైటు మందగిస్తుంది. మళ్లీ కదిలిస్తే బాణం కదలదు, బటన్ నొక్కితే లేస్తుంది. ఎందుకంటే చాలా మౌస్‌లు నిద్రలో బటన్‌కే లేస్తాయి, కదలికకి లేవవు. మామూలుగా కెర్నెల్ హబ్‌లకి తప్ప మిగతా పరికరాలకి ఆటోసస్పెండ్ తనంతట తాను పెట్టదు. బ్యాటరీ ఆదా కోసమని పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఆటో-ట్యూన్ లాంటిది ఎవరో పెట్టి ఉంటారు. డీమెసేజ్‌లో మౌస్ 1-2 అని ఉందనుకుందాం. /సిస్/బస్/యూఎస్‌బీ/డివైసెస్/1-2/పవర్/కంట్రోల్ ఫైలు చదవండి. ఆటో అని ఉంటే నిద్రపోవడానికి అనుమతి ఉంది. ఆన్ అని రాస్తే ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఆ పేర్లు తికమకగా ఉంటాయి, ఆన్ అంటే ఆటోసస్పెండ్ ఆన్ అని కాదు, పరికరం ఆన్‌లో ఉండాలని.

ఇలా రాసింది రీబూట్‌తో చెరిగిపోతుంది. నిలవాలంటే /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ లో ఒక ఫైలు రాయాలి. పేరు చివర చుక్క రూల్స్ అని తప్పకుండా ఉండాలి, లేకపోతే పరికరం పెట్టగానే రూల్స్ అమలుచేసే యూడెవ్ దాన్ని చదవదు. అందులో ఒకే వరస: యాక్షన్ యాడ్, సబ్‌సిస్టమ్ యూఎస్‌బీ, ఏటీటీఆర్ ఐడీవెండర్, ఏటీటీఆర్ ఐడీప్రోడక్ట్, వీటికి రెండేసి ఈక్వల్ గుర్తులు. చివర ఏటీటీఆర్ పవర్/కంట్రోల్ కి ఒక్క ఈక్వల్ గుర్తు, ఆన్. రెండు గుర్తులు పోల్చడానికి, ఒకటి రాయడానికి. చివరిదానికీ రెండు పెడితే ఏ ఎర్రరూ రాదు, పనీ జరగదు. ఐడీల్లో అక్షరాలు చిన్నబడిలోనే ఉండాలి. ఆఖర్న యూడెవ్ఏడీఎం కంట్రోల్ మైనస్ మైనస్ రీలోడ్, మౌస్ ఊడదీసి పెట్టడం. దీని బదులు యూఎస్‌బీకోర్ చుక్క ఆటోసస్పెండ్ ఈక్వల్ టు మైనస్ 1 అని కెర్నెల్‌కి చెప్పమని సలహాలు కనిపిస్తాయి. అది మెషీన్‌లోని అన్ని యూఎస్‌బీ పరికరాలకీ వర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒక్క మౌస్ కోసం అంత పని వద్దు.

ఐదో అంచె త్వరగా చెప్పేస్తాను. సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ నడిపి కదిలించండి. ఈవీటెస్ట్‌లో వచ్చి ఇక్కడ రాకపోతే ఏదో యూడెవ్ రూలు లిబ్‌ఇన్‌పుట్_ఇగ్నోర్_డివైస్ పెట్టి ఉంటుంది. ఇక్కడా వచ్చి తెర మీద రాకపోతే, మీ డెస్క్‌టాప్ నడిచే డిస్ప్లే వ్యవస్థ ఎక్స్ అయితే ఎక్స్ఇన్‌పుట్ లిస్ట్-ప్రాప్స్‌లో డివైస్ ఎనేబుల్డ్ 0 ఉందేమో, /ఈటీసీ/ఎక్స్11 లో ఏనాటిదో పాత కాన్ఫిగ్ ఫైలు మిగిలిందేమో చూడండి. వేలాండ్ అయితే లాగిన్‌సీటీఎల్ సీట్-స్టేటస్ ఇచ్చి, మౌస్ మీ సీటు కింద, అంటే మీ తెర, కీబోర్డుల గుంపులో, ఉందో లేదో చూడండి. కొత్త యూజర్‌తో లాగిన్ అయితే పనిచేస్తోందంటే తప్పు మీ సొంత సెట్టింగుల్లోనే.

వైర్‌లెస్ మౌస్ గురించి. డాంగిల్, అంటే పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్, ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించినంత మాత్రాన మౌస్ కనిపించినట్టు కాదు. లాజిటెక్ యూనిఫైయింగ్ రిసీవర్ 046డి, సి52బి అని వస్తుంది, మౌస్ బ్యాటరీ తీసేసినా వస్తుంది. అది ఆరు పరికరాల దాకా జత కలుపుతుంది, జత చేయడానికి సోలార్ అనే ప్రోగ్రామ్ వాడండి. బాణం ఎగిరెగిరి పడుతుంటే డాంగిల్ పక్కన ఏముందో చూడండి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని మౌస్ దగ్గరికి జరిపితే చాలాసార్లు తీరిపోతుంది.

ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకి ఒక్క ముక్క. అంచెలు అవే, పేర్లు వేరు. ఎల్ఎస్‌యూఎస్‌బీ బదులు యూఎస్‌బీకాన్ఫిగ్ లిస్ట్, డ్రైవర్ పేరు చాలా వెర్షన్లలో యూఎంఎస్, ఎక్కించడానికి కేఎల్‌డీలోడ్ యూఎంఎస్. ఓపెన్‌బీఎస్‌డీలో యూఎంఎస్0 కింద డబ్ల్యూఎస్‌మౌస్0 తగులుకోవాలి, డీమెసేజ్‌లో ఆ రెండు వరసలూ ఉన్నాయేమో చూసుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ సస్పెండ్ చేస్తే వెంటనే మళ్లీ లేచిపోతోందండీ. మౌస్ వల్లే అంటారా?

కావచ్చు. మౌస్ ఊడదీసి సస్పెండ్ చేసి చూడండి. నిద్రపోతే మౌసే. ఇందాకటి పవర్ ఫోల్డర్లోనే వేకప్ అనే ఫైలుంది. అందులో డిసేబుల్డ్ అని రాయండి. యూడెవ్ రూల్లో పవర్/కంట్రోల్ రాసిన చోటే పవర్/వేకప్ కూడా రాయొచ్చు. దీనికి తలకిందుల సమస్య, అంటే లేచాక మౌస్ పనిచేయకపోతే, యూఎస్‌బీకోర్ చుక్క క్విర్క్స్ ఈక్వల్ టు వెండర్, కోలన్, ప్రోడక్ట్, కోలన్, చిన్నబడి బి. లేచినప్పుడు పరికరాన్ని రీసెట్ చేయమని దాని అర్థం. ఇక్కడ ఐడీల ముందు 0ఎక్స్ అక్కర్లేదు.

ప్రశ్న: సార్, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చినా పోలేదు.

పోదమ్మా, అది వేగం విషయం కాదు. ఈవీటెస్ట్ పెట్టి నెమ్మదిగా ఒక్కసారి నొక్కండి. బీటీఎన్_లెఫ్ట్ 1, 0, 1, 0 అని కొన్ని మిల్లీసెకన్ల తేడాలో వస్తే లోపలి స్విచ్ రేకు అరిగి ఎగురుతోంది. లిబ్‌ఇన్‌పుట్ ఇలాంటివాటిని కొంత వడకడుతుంది, స్విచ్ మరీ అరిగితే అదీ ఆపలేదు. చాలా మౌస్‌లలో ఉండేది ఓమ్రాన్ డీ2ఎఫ్‌సీ రకం మైక్రోస్విచ్, మూడు కాళ్లు. పాతది డీసోల్డర్ చేసేటప్పుడు నొక్కే బొడిపె ఏ వైపు ఉందో గుర్తు పెట్టుకోండి, కొత్తది తిరగేసి పెడితే పై మూత బటన్ దానికి తగలదు. స్క్రూలు ఎక్కువగా కింద అతికించిన జారుడు ప్యాడ్ల వెనకాల ఉంటాయి.